బారసాల కానుకల్లో రాని వస్తువులు

మా పాపకు ఇప్పుడు పద్నాలుగు నెలలు. బారసాల నాడు వచ్చిన కానుకలతో మల్కాజిగిరిలోని మా ఇంట్లో ఒక మంచం నిండిపోయింది. నాలుగు దుప్పట్లు, పదకొండు గౌన్లు, రెండు వెండి గిన్నెలు, మడత విప్పితే సగం హాలు ఆక్రమించే ఒక ప్రామ్ (బిడ్డను పడుకోబెట్టి తోసుకెళ్లే బండి) ఉన్నాయి. ఇచ్చినవారందరూ ప్రేమతోనే ఇచ్చారు, గౌన్లన్నీ తొడిగాము కూడా. కానీ ఆ తర్వాతి ఏడాదిలో మేము అర్ధరాత్రి వెతుక్కున్న వస్తువులు, చేతికి అందకపోతే కంగారు పడిన వస్తువులు ఆ మంచం మీద దాదాపు ఒక్కటీ లేవు. వాటిలో చాలావరకు మూడు వందల రూపాయల లోపువే. కాన్పుకు ముందే కొని పెట్టుకోవలసినవి ఇవి అని మాకు చెప్పినవారు లేరు కాబట్టి, వాడి చూసిన అనుభవంతో వాటి మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాను.

మొదట చెప్పవలసింది పది రూపాయల వస్తువు గురించి. అది నోటి ద్వారా మందు పట్టడానికి వాడే, సూది లేని చిన్న సిరంజి. పద్నాలుగో వారం టీకా వేయించిన రాత్రి పాపకు ఒళ్లు కాలింది. డాక్టర్ రాసిన పారాసిటమాల్ చుక్కల మందు మోతాదు 0.7 మిల్లీలీటర్లు. సీసాతో వచ్చిన డ్రాపర్ మీద సగం, ఒకటి అన్న రెండు గీతలే ఉన్నాయి. బెడ్‌లైటు వెలుతురులో ఆ రెండు గీతల మధ్య 0.7 ఎక్కడ ఉంటుందో నేను అంచనా కడుతుండగా, జిగట మందు నా వేళ్ల మీదుగా మోచేతి దాకా కారింది. లోపలికి ఎంత పోయిందో, బయటికి ఎంత కారిందో తెలియక, మళ్లీ వేయడానికి భయపడి, తెల్లవార్లూ కూర్చున్నాము. మర్నాడు ఉదయం కొన్న ఒక మిల్లీలీటరు సిరంజికి పదో వంతు గీతలు స్పష్టంగా ఉన్నాయి.

ఈ విషయాన్ని ఇంత పట్టుదలగా రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన మందుల షాపుల్లో దొరికే పిల్లల పారాసిటమాల్ అంతా ఒకే గాఢతలో ఉండదు. చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో అయితే ఐదు మిల్లీలీటర్లకు 120 లేదా 125, మరో రకంలో ఐదు మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే మామూలు సిరప్‌కు చెప్పిన కొలతను పొరపాటున చుక్కల మందుతో పోస్తే, బిడ్డకు నాలుగు రెట్ల మందు పడుతుంది. కాబట్టి సీసా మారిన ప్రతిసారీ, లేబుల్ మీద ఉన్న గాఢతను చదివి, ఈ సీసాతో ఎన్ని మిల్లీలీటర్లు వేయాలో డాక్టర్‌ను మళ్లీ అడగాలి. వంటింటి చెంచాను మాత్రం ఈ పనికి వాడవద్దు, ఏ రెండు చెంచాలూ ఒకే కొలత పట్టవు.

సిరంజిలో లోపాలు లేవని కాదు. మా వీధి మందుల షాపులో కొన్న మొదటి దాని మీది అంకెలు పదిహేను రోజుల కడుగుడుకే చెరిగిపోయాయి, మందును నెట్టే రబ్బరు ముషలకం (ప్లంజర్) బిగుసుకుపోయింది. కడిగిన ప్రతిసారీ ముషలకాన్ని బయటికి తీసి విడిగా ఆరబెడితే బిగుసుకోదని తర్వాత తెలిసింది. కొనగానే చివర ఉన్న చిన్న మూతను తీసి పారవేయాలి, అది బిడ్డ గొంతులో అడ్డుపడగలదు. మందును నేరుగా గొంతులోకి చిమ్మకుండా, బుగ్గ లోపలి వైపుకు కొంచెం కొంచెంగా వదలాలి.

దీనికి తోడుగా ఉండవలసిన డిజిటల్ థర్మామీటర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూడటం మా ఇంటి అలవాటు, కానీ డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పడానికి అంకె కావాలి. మూడు నెలల లోపు శిశువుకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే, ఇంటి వైద్యంతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఇక ఉగ్గుగిన్నె. ఉగ్గుపాలతో పెట్టిన విద్య అని మాట్లాడుకునే మనం ఆ గిన్నెను బీరువాలో పెట్టి సీసాలు కొంటున్నాము. మాకు కానుకగా వచ్చిన వెండి గిన్నెల్లో ఒకటి ముక్కు ఉన్న ఉగ్గుగిన్నే, దాన్ని మేమూ బీరువాలోనే ఉంచాము. నేను తిరిగి ఉద్యోగానికి వెళ్లే రోజు దగ్గరపడినప్పుడు, ముందే పిండి ఉంచిన తల్లిపాలు పాపకు ఎలా పట్టాలన్న ప్రశ్న వచ్చింది. మా అత్తమ్మ బేగంబజార్‌లో స్టీలు సామాన్ల షాపుకు వెళ్లి 90 రూపాయలకు ఒక స్టీలు ఉగ్గుగిన్నె తెచ్చారు. ఆసుపత్రుల్లో నెలలు నిండని శిశువులకు తల్లిపాలు పట్టడానికి వాడే పాలాడై కూడా ఇదే కుటుంబానికి చెందినది. సీసా కన్నా గిన్నెను శుభ్రంగా ఉంచడం సులభం కనుక, రొమ్ము పట్టలేని బిడ్డలకు గిన్నెతో పాలు పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచిస్తుంది.

పట్టే పద్ధతి తెలియాలి. బిడ్డను ఒడిలో కొంచెం లేపి కూర్చోబెట్టి, గిన్నె ముక్కును కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవిని తాకేంత వరకే వంచాలి. అప్పుడు బిడ్డ నాలుక చాచి తనంతట తానే జుర్రుకుంటుంది. ఏడుస్తున్న బిడ్డ నోట్లో పోయడం ప్రమాదం. మొదటి వారం పాలలో నాలుగో వంతు బిబ్ మీదే పోయింది, ఒక్కో పూటకు అరగంట పట్టింది. రెండో వారానికి అత్తమ్మకు, పాపకు ఇద్దరికీ లయ కుదిరింది. సీసాకు ఉన్నట్టు పీక, మెడ, మరలు లేవు కాబట్టి పాల జిడ్డు దాగే చోటే లేదు, తోమి, నీళ్లలో మరిగిస్తే సరిపోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో వచ్చే బోరు నీళ్లలో మరిగిస్తే గిన్నెకు తెల్లటి పొర పట్టింది, నిమ్మచెక్కతో రుద్దితే పోయింది. అప్పటి నుంచి తాగే నీళ్లలోనే మరిగిస్తున్నాము. ఓపిక, సమయం ఉన్న పెద్దలు ఇంట్లో లేకపోతే ఇది కష్టమన్నది కూడా నిజమే.

గొడుగు దోమతెరను చాలామంది రాత్రికి మాత్రమే వాడతారు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగలే కుడుతుంది, పసిబిడ్డ పగలు కూడా చాలాసేపు నిద్రపోతుంది. హైదరాబాద్‌లో వానలు మొదలయ్యాక పూలకుండీల పళ్లేల్లో, కూలర్ల అడుగున నిలిచే నీళ్లు ఈ దోమకు చాలు. రెండు నెలల లోపు బిడ్డ ఒంటికి డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందులు పూయకూడదు. ఆ వయసులో తెరే ప్రధాన రక్షణ. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టి, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన తల్లులకు ఇచ్చిన కేసీఆర్ కిట్‌లోని వస్తువుల్లో దోమతెర ఉండటం ఎంత సమంజసమో నాకు అప్పుడు అర్థమైంది. కోఠిలో 280 రూపాయలకు కొన్న మా తెర మూడు నెలలు బాగా పనిచేసింది. ఆ తర్వాత ఒక రోజు తెర మడుస్తుంటే నా అరచేతికి ఏదో గుచ్చుకుంది. చూస్తే, ఒక కమ్మీ చివర ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయి, తీగ మొన గుడ్డను చీల్చుకుని లోపలి వైపుకు, పాప తల ఉండే వైపుకు పొడుచుకు వచ్చింది. కొనేటప్పుడు ప్రతి కమ్మీ చివరను వేలితో తడిమి, తొడుగు గుడ్డలోనే కుట్టి ఉన్నదాన్ని తీసుకోండి. బిడ్డ బోర్లపడటం మొదలుపెట్టాక ఈ రకం తెరను మానేయాలి, లాగితే మీద పడుతుంది. అప్పుడు మంచం మొత్తానికి కట్టే తెర మంచిది.

ముక్కు శుభ్రం చేసే సాధనాల్లో రబ్బరు బుడ్డి రకం నాకు నచ్చలేదు. లోపలికి చెయ్యి గానీ బ్రష్ గానీ పోదు. మాది పాడైనప్పుడు కోసి చూస్తే గోడలకు నల్లటి బూజు కనిపించింది. విడదీసి కడగగలిగే గొట్టం రకం, దానికి ముందు ముక్కులో సెలైన్ చుక్కలు, ఈ రెండే డిసెంబర్, జనవరి నెలల్లో పాపను పాలు తాగనిచ్చాయి. పక్క తడవకుండా బిడ్డ కింద పరిచే డ్రై షీట్లు మూడు ఉంటే చాలు.

కొనకూడనిది ఒకటి చెప్పాలి. బంధువులు తప్పకుండా కొనిపెడతామనే చక్రాల వాకర్‌ను కెనడా 2004లోనే నిషేధించింది. అది నడక నేర్పదు సరికదా, మెట్ల దగ్గరికీ స్టవ్ దగ్గరికీ బిడ్డను క్షణంలో చేరుస్తుంది. ప్రామ్ తప్పేమీ కాదు, కానీ మా వీధి ఫుట్‌పాత్ మీద పది అడుగులు కూడా సాగలేదు.

చివరిది, మన ఊళ్లో అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురైనది, స్కూటర్ మీద బిడ్డకు వేసే సేఫ్టీ హార్నెస్. కారులో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ ఉండాలని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతుంది. మనలో ఎక్కువమంది బిడ్డను తిప్పేది మాత్రం ద్విచక్ర వాహనం మీద. దీనికి 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనలు 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్నాయి. నాలుగేళ్ల లోపు బిడ్డకు, బండి నడిపేవారికి కట్టి ఉంచే హార్నెస్ వేయాలి, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకు హెల్మెట్ పెట్టాలి, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. హార్నెస్ 30 కిలోల బరువును ఆపగలిగేలా ఉండాలి.

ఆన్‌లైన్‌లో కొన్న మా మొదటి హార్నెస్ బకిల్ ఒక్క వేలి నొక్కుడుకే విడిపోయేది, ఆ సంగతి పాప రెండో రోజే కనిపెట్టింది. దాన్ని వాపసు చేసి, రెండు వైపులా ఒకేసారి నొక్కితేనే విడిపోయే బకిల్ ఉన్నది 750 రూపాయలకు తీసుకున్నాము. కట్టాక భుజం పట్టీ కింద రెండు వేళ్లు మాత్రమే దూరేలా బిగించి, ఇంటి ముందు రెండు చుట్లు తిరిగి, పట్టీ వదులైందో లేదో చూసుకున్నాకే రోడ్డెక్కాము. హెల్మెట్‌కు తల చుట్టుకొలతను కనుబొమ్మల పైనుంచి టేపుతో కొలిచి కొనాలి, పెరిగాక సరిపోతుందని పెద్దది కొంటే కళ్ల మీదికి జారుతుంది. బిడ్డ ఆసరా లేకుండా కూర్చోగలిగేదాకా మేము స్కూటర్ ఎక్కించలేదు, ఆటోలోనే వెళ్లాము. హార్నెస్‌లోని ఫోమ్ పొర వల్ల వేసవిలో పాప వీపు చెమటతో తడిసిపోతుంది. అందుకని ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది లోపే బయటి పనులు ముగించుకుని, మధ్యాహ్నం ఎక్కడికైనా వెళ్లక తప్పకపోతే ఇప్పటికీ ఆటోనే పిలుస్తున్నాము.