మార్పిడి బిడ్డ, మూడు తెల్లవారుజాములు: హన్నా కెంట్ నవల ‘ద గుడ్ పీపుల్’

1825వ సంవత్సరం. ఐర్లండ్ నైరుతి మూలన కెర్రీ కౌంటీలో ఒక లోయ. పొద్దున నిక్షేపంగా పనికి వెళ్లిన భర్తను నలుగురూ శవంగా మోసుకొచ్చి నోరా లీహీ ఇంట్లో దించుతారు. ఊరంతా పరామర్శకు వచ్చేలోగా నోరా హడావుడిగా ఒక పని చేస్తుంది: తన నాలుగేళ్ల మనవణ్ణి ఎవరి కంటా పడకుండా పొరుగింటికి పంపించేస్తుంది. రెండేళ్ల వయసులో చక్కగా ఉన్న ఆ పిల్లవాడు ఇప్పుడు నడవలేడు, మాట్లాడలేడు. వాడి తల్లి, అంటే నోరా కూతురు, అప్పటికే కన్నుమూసింది. ఆస్ట్రేలియా రచయిత్రి హన్నా కెంట్ 2016లో వెలువరించిన ‘ద గుడ్ పీపుల్’ నవలలో భయం ఇక్కడే, ఆ దాచిపెట్టడంలోనే పుడుతుంది. చివరి పుట దాకా అది మనల్ని వదలదు.

పేరులోని ‘మంచివాళ్లు’ అంటే ఐరిష్ పల్లెల్లోని ఫెయిరీలు. రెక్కలతో ఎగిరే ముద్దుబొమ్మలని అనుకోకూడదు. వీళ్లు పాలు విరిచేస్తారు, వెన్న పడనివ్వరు, నచ్చిన మనిషిని ఎత్తుకుపోయి ఆ స్థానంలో తమ జాతివాణ్ణి వదిలిపోతారు. అసలు పేరుతో పిలిస్తే ఆగ్రహిస్తారన్న భయంతోనే జనం వీళ్లను ‘మంచివాళ్లు’ అంటారు. మశూచిని ‘అమ్మవారు’ అనీ, రాత్రిపూట పామును ‘పురుగు’ అనీ చెప్పుకున్న మనకు ఈ మర్యాద వెనుక ఉన్న వణుకు ఎవరూ విడమరిచి చెప్పకుండానే అర్థమవుతుంది. వాళ్లకు ఇనుమంటే పడదన్న నమ్మకంతో ఐర్లండ్‌లో ఉయ్యాల మీద ఇనుప పట్టకారు అడ్డంగా పెట్టేవారు. మా ఇంట్లో బాలింత తలగడ కింద ఇనుప ముక్క పెట్టడం చిన్నప్పుడు కళ్లారా చూసినదాన్ని కనుక ఆ నమ్మకం నాకు పరాయిదనిపించలేదు.

నోరాకు తోడుగా ఇద్దరు ఆడవాళ్లు కథలోకి వస్తారు. మేరీ క్లిఫర్డ్ పిల్లవాణ్ణి చూసుకోవడానికి కూలికి కుదిరిన పద్నాలుగేళ్ల పిల్ల. నాన్స్ రోచ్ ఊరి చివర గుడిసెలో ఒంటరిగా బతికే ముసలి మంత్రసాని. చెట్టుమందులు తెలిసిన మనిషి, చావింట్లో శోకాలు పాడే మనిషి కూడా. కొత్తగా వచ్చిన క్రైస్తవ గురువు ఆమె పొడ గిట్టక ఊరిని ఆమె మీదికి ఎగదోస్తాడు. నోరా మనవణ్ణి చూసిన నాన్స్, వీడు మనిషి పిల్లవాడు కాడనీ, మంచివాళ్లు వదిలిపోయిన మార్పిడి బిడ్డ అనీ తేలుస్తుంది. అసలు పిల్లవాణ్ణి వెనక్కు రప్పించాలంటే వీణ్ణి ఇక్కడ ఉండలేనట్లు చేయాలి. వైద్యం అక్కడి నుంచి మొదలవుతుంది.

నన్ను ఎక్కువసేపు ఆపేసినది ఫాక్స్‌గ్లోవ్ మొక్క ఉన్న భాగం. గంటల్లాంటి ఊదా పూలు పూసే ఆ మొక్కను ఐరిష్ భాషలో ‘లస్ మోర్’, అంటే పెద్ద మూలిక, అంటారు. దాని రసం పిల్లవాడికి పట్టించాక వాడి ఒళ్లంతా వణుకుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు అది మందు పనిచేస్తున్న గుర్తని నమ్ముతారు. చదివే మనకు మాత్రం అది విషమని తెలుసు. అయితే ఇదే మొక్క గుండె జబ్బుకు పనికొస్తుందని విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ కథాకాలానికి 40 ఏళ్ల ముందే, 1785లో, పుస్తకం రాశాడు. ఆ జాతి మొక్కల నుంచి తీసిన డిగాక్సిన్ ఇప్పటికీ వైద్యులు రాస్తున్న మందే. నాన్స్ దగ్గర ఉన్నది వట్టి మూఢత్వం కాదనీ, అలాగని అది పసివాణ్ణి కాపాడగల జ్ఞానమూ కాదనీ రచయిత్రి ఎక్కడా ఉపన్యసించకుండా ఒక్క మూలికతో చూపించింది. ఈ నవల మీద నా గౌరవానికి ప్రధాన కారణం ఈ నిగ్రహమే.

కథ కల్పితమైనా దాని వెన్నెముక నిజం. 1826లో ఫ్లెస్క్ నదిలో మైకేల్ లీహీ అనే చిన్నారిని ముంచి చంపిందన్న అభియోగంపై ఆన్ రోచ్ అనే వృద్ధురాలిని ట్రాలీ పట్టణంలో విచారించారు. వరుసగా మూడు రోజులు తెల్లవారుజామున బిడ్డకు నదిలో స్నానం చేయించారు. మూడోనాడు నీళ్ల కింద ఎక్కువసేపు ఉంచారు. చంపాలని చేయలేదనీ, బిడ్డలో చేరిన ఫెయిరీని వెళ్లగొట్టి నయం చేయాలనే చేశాననీ ఆమె చెప్పుకుంది. జ్యూరీ ఆమెను నిర్దోషిగా వదిలిపెట్టింది. హన్నా కెంట్ ఆ కొద్దిపాటి పత్రికా వార్త చుట్టూ ఒక ఊరినే కట్టింది. పొయ్యిలో కాల్చే పీట్ అనే మట్టి గడ్డల పొగ, ఒకే గదిలో మనుషులతో పాటు ముడుచుకున్న కోళ్లు, బావి దగ్గర గుసగుసలు, అద్దె కట్టలేకపోతే గూడు పోతుందన్న బెంగ, అన్నిటికీ ఆధారంగా ఒక్క బంగాళాదుంప. పాలు తగ్గినా, వెన్న పడకపోయినా, కాన్పులో బిడ్డ చచ్చి పుట్టినా ఊరికి ఒక కారణం కావాలి. డాక్టరు అందుబాటులో లేని చోట, గురువు చేతులెత్తేసిన చోట ఆ కారణం నాన్స్ గుడిసె మీదికీ నోరా ఇంట్లోని పిల్లవాడి మీదికీ ఎలా పాకుతుందో రచయిత్రి గింజ గింజగా పేర్చి చూపింది. బాణామతి నెపంతో మనుషులను చంపిన వార్తలు చదువుతూ పెరిగిన తెలంగాణ పాఠకులకు ఆ పుటలు కథలా అనిపించవు.

ఈ పాత్రలకు తెలియనిది మనకు తెలుసు. ఇరవై ఏళ్లు తిరగకముందే, 1845లో, బంగాళాదుంపకు తెగులు సోకబోతోంది. 1841లో 81 లక్షలు దాటిన ఐర్లండ్ జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది. చనిపోయినవారిలో, ఓడలెక్కినవారిలో ఎక్కువమంది ఇలాంటి ఒంటిగది గుడిసెల వాళ్లే. వాళ్లతో పాటు ఐరిష్ భాష కూడా ఊళ్లకు ఊళ్లలోనే వెనక్కు తగ్గింది. ఆ తెగులు తెచ్చిన కరువు గురించి నవల ఒక్క ముక్కా చెప్పదు. అయినా నాన్స్ చావింట్లో ఎత్తుకున్న శోకాన్ని గురువు ఆపించబోయే ఘట్టంలో, ఆ పాటతో పాటు పోబోయేదంతా నా కళ్ల ముందు కదిలింది.

లోపాలు లేకపోలేదు. నడిమి భాగంలో బావి దగ్గరి గుసగుసలు పదేపదే వచ్చి కథను ఈడుస్తాయి. ఓ యాభై పుటలు తగ్గించి ఉంటే నష్టమేమీ లేదు. గురువు పాత్ర పలుచగా ఉంది. ఆయన భయాలేమిటో తెలిసి ఉంటే ఘర్షణ మరింత బరువెక్కేది. ఐరిష్ పదాలు విరివిగా ఉన్నాయి కాబట్టి మొదటి అధ్యాయాలు నిదానంగా చదవాలి. పసిబిడ్డ పడే హింసను దగ్గరి నుంచి చూపే ఘట్టాలు కొన్ని ఉన్నాయి. చిన్నపిల్లల తల్లులు, ముఖ్యంగా ఎదుగుదల లోపమున్న పిల్లలను పెంచుతున్నవారు, ఈ మాట ముందే తెలుసుకుని పుస్తకం తెరవడం మంచిది. దయ్యం ఎప్పుడు కనబడుతుందా అని ఎదురుచూసే పాఠకులకు నిరాశే మిగులుతుంది.

నేను రెండోసారి చదివినప్పుడు మేరీ వెంటే నడిచాను. ఊరంతా ‘అది’ అని పిలిచే పిల్లవాణ్ణి ఆమె రాత్రుళ్లు పక్కలో పడుకోబెట్టుకుంటుంది, మురికి కడుగుతుంది, ఏడుపుకు ఉలిక్కిపడి లేస్తుంది. నమ్మకం ఆమెలోనూ ఉంది. మిగిలినవాళ్లకు లేనిదల్లా ఆ పిల్లవాడి ఒంటి వెచ్చదనం చేతులకు తెలియడం. నదికి వెళ్లే మూడో ఉదయాన ఆమె చేతుల వైపే చూస్తూ చదివాను.