వివక్షపై 2వ అధికరణం, 26వ అధికరణం: ఒక పోలిక

1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని ఈ రెండు నిబంధనలూ చదవడానికి ఒకేలా అనిపించినా వాటి పరిధి వేరు. 2వ అధికరణం ఒడంబడిక గుర్తించిన హక్కులకే, అంటే వాక్ స్వాతంత్ర్యం, న్యాయమైన విచారణ వంటివాటికే వర్తిస్తుంది. 26వ అధికరణానికి ఆ కట్టుబాటు లేదు. ప్రభుత్వం ఏ రంగంలో చట్టం చేసినా అందులో వివక్ష ఉండకూడదంటుంది.

ఈ తేడా 1987లో నెదర్లాండ్స్‌కు సంబంధించి ఒక డచ్ మహిళ చేసిన ఫిర్యాదులో స్పష్టమైంది. అక్కడి నిరుద్యోగ భృతి చట్టం కింద, ఉద్యోగం పోయిన వివాహిత ఆ భృతి పొందాలంటే ఇంటిని పోషించేది తానేనని రుజువు చేసుకోవాల్సి వచ్చేది. పెళ్లయిన మగవాడికి ఆ షరతు లేదు. భృతి ఒడంబడికలోని హక్కు కాదు కనుక 2వ అధికరణం ఒక్కటే ఉండి ఉంటే ఆమెకు దారి దొరికేది కాదు. సామాజిక భద్రత మరో ఒడంబడిక పరిధిలోనిదని ప్రభుత్వం వాదించినా, ఒడంబడిక అమలును పర్యవేక్షించే ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ అంగీకరించలేదు: భృతి చట్టం తెమ్మని 26వ అధికరణం చెప్పదు, తెచ్చాక మాత్రం అందులో వివక్షను సహించదు.

సహేతుకమైన ప్రాతిపదిక గల తేడాను రెండూ అనుమతిస్తాయి. అయినా బాధితులకు 26వ అధికరణమే గట్టి అండ అని నా దృఢమైన అభిప్రాయం. భారత్ 1979లో ఒడంబడికలో చేరింది కానీ, వ్యక్తిగత ఫిర్యాదులకు వీలు కల్పించే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. అందువల్ల ఆ డచ్ మహిళలా మనవాళ్లు కమిటీ తలుపు తట్టలేరు.