3.4 లక్షల కిలోమీటర్ల పికప్: ఆయిల్ ఎటు పోతోంది, మోత ఎక్కడిది

2013లో కొన్న ఒకటిన్నర టన్ను డీజిల్ పికప్ ఇది. సీజన్‌లో మదనపల్లె మార్కెట్‌లో టమాటా క్రేట్లు ఎక్కించుకుని పుంగనూరు, పలమనేరు మీదుగా మొగిలి ఘాట్ దిగి చెన్నై, వచ్చేటప్పుడు ఖాళీ క్రేట్లు. కంపెనీ పేరు రాయను. ఈ వయసుకొచ్చిన పికప్ ఏదైనా దాదాపు ఇవే రోగాలు. మొదటి 2 లక్షల కిలోమీటర్లు క్లచ్ ప్లేటు, కమాన్ పట్టీలు తప్ప ఏమీ అడగలేదు, ఆ మాట ముందే చెప్పాలి.

తర్వాత ఆయిల్ తగ్గడం మొదలైంది. 1,500 కిలోమీటర్లకు గేజ్ (ఆయిల్ కొలిచే కడ్డీ) పై గీత నుంచి కింది గీతకు, అంటే నా బండిలో లీటరు. ఇంజన్, గేర్ బాక్స్ కలిసే చోట చుక్క వేలాడుతోంది. మేస్త్రీ ఒక్క చూపు చూసి, "వెనక ఆయిల్ సీల్ అన్నా, గేర్ బాక్స్ దించాల. దించినాక ఎట్లాగూ రింగులు గూడా చూసేద్దాం" అన్నాడు. ఆ "ఎట్లాగూ"తోనే నాకు టెన్షన్ పట్టుకుంది, రింగులంటే పిస్టన్లవి, వాటికి ఇంజనే విప్పాలి.

ఇంటికొచ్చి ఇంజన్‌ను డీజిల్‌తో కడిగి, ఆరాక మా పాప ముఖానికి రాసుకునే పౌడరు వెనకవైపంతా చల్లి, పీలేరు రోడ్డులో ఒక నలభై కిలోమీటర్లు తిరిగొచ్చి టార్చి వేసి చూశాను. తెల్లటి పౌడరులో ఒకటే తడి చార, ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) వెనక మూల నుంచి నేరుగా కిందికి. చుక్క కనిపించేది కింద, కారేది పైన! కవర్ విప్పితే గ్యాస్కెట్ అప్పడంలా విరిగింది. బ్రీదర్ పైపు కూడా మడ్డితో సగం మూసుకుపోయి ఉంది, లోపలి గాలికి దారి లేక ఆయిల్‌ను సందుల్లోంచి తోసేస్తోందన్నమాట. రెండూ సరిచేశాక లీటరు 5,000 కిలోమీటర్ల దాకా వస్తోంది. మిగతాది కాలిపోతోంది: ఘాట్ దిగి బంగారుపాళ్యం దగ్గర మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే అద్దంలో గుప్పెడు నీలం పొగ, తర్వాత శుభ్రం. అది ఎక్కువగా వాల్వ్ సీళ్ల (వాల్వ్ పక్క నుంచి ఆయిల్ సిలిండర్లోకి దిగకుండా ఆపేవి) లక్షణం. రింగులే అయితే లోడు లాగుతున్నంతసేపూ పొగ రావాలి, ఆయిల్ క్యాప్ తీస్తే బుసబుసా ఊదాలి.

మోత సంగతి వేరు, అక్కడ నేనే మోసపోయాను. 60 స్పీడులో "బోయ్" మని, మొదట టైర్లే అనుకున్నా. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పితే మారలేదు కాబట్టి వీల్ బేరింగ్ కాదు, యాక్సిలరేటర్ వదిలితే మాత్రం మోత గొంతు మారుతోంది. దీంతోపాటు ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు "టంగ్". చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్ చేసి, కింద పడుకుని, గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్ట్‌ను చేత్తో మెలి తిప్పితే దాని వెనక కీలు, అంటే క్రాస్‌లో లూజు తెలిసింది, దాని చుట్టూ ఇటుక పొడిలాంటి ఎర్రటి తుప్పు. క్రాస్ మార్చగానే టంగ్ పోయింది, బోయ్ ఉండిపోయింది.

వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే హౌసింగ్ లెవెల్ బోల్టు విప్పి వేలు పెట్టాను. అంచుదాకా తగలాల్సిన ఆయిల్ వేలికి అంటనే లేదు. షాఫ్ట్ హౌసింగ్ లోకి దూరే చోట, పినియన్ సీల్ దగ్గర కారి, తిరిగే షాఫ్ట్ దాన్ని బాడీ అడుగున గీత గీసినట్టు చిమ్మింది, రోజూ అదే బండెక్కుతూ నేను చూడలేదు. హౌసింగ్ మీది చిన్న బ్రీదర్ మట్టితో బిగుసుకుపోయి ఉంది, ఇంజన్‌లో జరిగిందే ఇక్కడా. వేరే షెడ్డులో సీల్ మార్చినప్పుడు పినియన్ నట్టు ముందు ఎంతవరకు బిగించి ఉందో పాత గుర్తు చూడకుండా పొడవాటి రాడ్డు వేసి బిగించేశారు. ఎంత బిగిస్తే అంత మంచిదని నేనూ పక్కనే నిలబడి తలాడించాను! లోపలి బేరింగులు బిగుసుకుపోయి వారంలో హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడి. మళ్లీ విప్పితే డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద, అది మామూలే, దాంట్లో వేళ్లకు గుచ్చుకునే రెండు పెచ్చులు మాత్రం మామూలు కాదు. బేరింగులు కొత్తవి పడ్డాయి. క్రౌన్ పినియన్ (హౌసింగ్ లోని పళ్ల చక్రాల జత) అప్పటికే అరిగింది కాబట్టి మోత సగమే తగ్గింది, ఆ సగం కోసం ఇప్పుడు సెట్టు కొనను.

గేర్ బాక్స్ మాత్రం ఇంతవరకు దించలేదు. సీటు కింద అర లీటరు డబ్బా, పక్కన మా పాప పాత నోటుబుక్కు. గేజ్ చూసేది పొద్దున, చదునైన చోట, స్టార్ట్ చేయకముందు. నిన్నటి లెక్క: 3,42,110 దగ్గర అర లీటరు పోశాను.