క్లచ్చర్ పట్టు సరే, ఆ స్ప్రింగు సందు సంగతేంటి?

జుట్టుకు పెట్టుకునే ఈ రకం పెద్ద క్లచ్చర్‌ని నల్లగొండ ప్రకాశం బజార్‌లో కొని రెండేళ్లు దాటింది. నాది ఒత్తు జుట్టు, పిడికిట్లో పట్టదు. పొద్దున బడికి పోయేటప్పుడు పెడితే సాయంత్రం దాకా జారలేదన్న సంబరంలో స్టాఫ్‌రూమ్‌లో ముగ్గురి చేత కొనిపించాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను.

కారణం జిడ్డు. పళ్ల మొదళ్లలో, స్ప్రింగు చుట్టూ ఉండే సందులో కొబ్బరినూనె, జుట్టు మెరుపుకు రాసే సీరమ్, దుమ్ము కలిసి నల్లటి ముద్ద కడుతుంది. పిన్నీసుతో గీకితే మైనంలా మెత్తగా ఊడొస్తుంది. చాలా సీరమ్‌లలో ఉండే సిలికోన్ నీళ్లకు కరగదు, అందుకే ఉత్త నీళ్లతో ఎంత తోమినా కదలదు. తలంటుకున్న రోజు అదే క్లచ్చర్ పెట్టామా, మధ్యాహ్నానికి జుట్టు మళ్లీ నూనె రాసినట్టే.

మొదటిసారి కడిగినప్పుడే చేతులు కాల్చుకున్నాను. పొయ్యి మీది నుంచి అప్పుడే దింపిన నీళ్లలో బట్టల పౌడర్ వేసి, క్లచ్చర్ ముంచి, వంటపనిలో పడి మరిచిపోయాను. అరగంటకు తీసి చూస్తే జిడ్డు పోయింది, దాంతోపాటు ఆకారమూ పోయింది. ఒకవైపు పళ్లు బయటికి విచ్చుకున్నాయి. మూస్తే రెండు వైపులూ కలవవు. చల్లారాక సరిచేద్దామని వంచితే చివరి పన్ను టప్పున విరిగింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ప్లాస్టిక్కుల పాఠం చెప్పేది నేనే మరి! కొట్టువాడిని అనడానికేమీ లేదు. పోయి మళ్లీ అదే కొన్నాను.

"తలజిడ్డు తీసేదానికి గా క్లిప్పు జిడ్డు ఒక లెక్కనా?" అన్నది అత్తమ్మ, కుంకుడుకాయలు ముందు పెట్టి. ఆరు కాయలు దంచి, గింజలు తీసి, రాత్రంతా నానబెట్టాను. పొద్దున ఆ పులుసు వడగట్టి, అందులో పావుగంట ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే నురుగు బూడిదరంగులో వచ్చింది. ఇంత బాగా పోతుందనుకోలేదు. స్ప్రింగు సందులోకి మాత్రం బ్రష్ దూరదు. అక్కడ పాత చీర అంచు దారం రెండు పేటలు దూర్చి ఇటూ అటూ లాగాలి. రబ్బరు బ్యాండ్లకు, సైడు పిన్నులకు ఇంత తతంగం అక్కర్లేదు.

మా ఇంట్లో తాగడానికి కృష్ణా నల్లా నీళ్లు, కడగడానికి బోరు. మా నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, ఆరాక క్లిప్పు మీద మిగిలే తెల్లపొర ఉప్పునీళ్లలోని సున్నం పని. నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. నకిరేకల్ పక్కనే ఉన్నవాళ్లం, నిమ్మకాయలకేం కొదవ! కానీ పులుపు తగిలి, సరిగ్గా తుడవక, ఈ రెండోదాని స్ప్రింగు తుప్పు పట్టింది. గంధంరంగు జాకెట్ వీపున గోధుమ మరక ఇప్పటికీ ఉంది. ఇప్పుడు పళ్లకే నిమ్మ, స్ప్రింగుకు పొడిబట్ట.

కొనమంటారా అంటే, నాలా రోజూ నూనె పెట్టేవాళ్లు, బోరు నీళ్లవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పదిహేను రోజులకోసారి ఓ ఆదివారం దీనికే పోతుంది. మా చిన్నదాని క్లచ్చర్ కూడా ఇదే, ఏడాదిగా నీళ్లు చూపించలేదు, కొత్తదానిలా ఉంది. అది నూనె డబ్బా మూత తీసిన పాపాన పోలేదు.