ఏఐ ఏజెంటుకు టూల్‌గా నోమినాటిమ్: చాలాకాలం వాడాక

నోమినాటిమ్ చోట్లను వెతికిపెట్టే సేవ. జనమే కలిసి తయారుచేసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం మీద నడుస్తుంది. ఊరి పేరు ఇస్తే అక్షాంశ రేఖాంశాలు చెబుతుంది, అవి ఇస్తే చిరునామా చెబుతుంది. పబ్లిక్ సర్వర్‌కి ఏపీఐ కీ అక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. సేవ నమ్మదగినది, డాక్యుమెంటేషన్ కూడా మనుషులు చదువుకోవడానికి చాలా బాగుంది. కానీ ఆ పేజీలనే కాపీ చేసి టూల్ వివరణలో (టూల్‌ని ఎలా వాడాలో మోడల్‌కి చెప్పే రాతలో) పెడితే ఏజెంటు, అంటే టూల్స్‌ని తానే పిలిచి పనిచేసే భాషా మోడల్, దారి తప్పుతుంది. ముఖ్యంగా ఏమీ దొరకనప్పుడు.

పేరు దొరకకపోతే సెర్చ్ ఎర్రర్ ఇవ్వదు, హెచ్‌టీటీపీ 200తో (అంతా సవ్యమే అనే కోడ్‌తో) ఖాళీ జాబితా పంపుతుంది. ప్రోగ్రామర్‌కి ఆ సూచన చాలు. భాషా మోడల్‌కి చాలదు. కాల్ సజావుగా జరిగిందనుకుని, తన జ్ఞాపకంలోని అంకెలతో ఆ ఖాళీ నింపేస్తుంది. 16.5, 80.6 అని రాస్తే విజయవాడ దగ్గర్లో ఏ ఊరికైనా అది నిజంలాగే కనిపిస్తుంది, చదివేవారికి అనుమానం రాదు. అందుకే ఖాళీ జాబితాను ఉన్నదున్నట్టు ఏజెంటుకు అందించకూడదు. మధ్యలో మన కోడ్ దాన్ని మాటల్లోకి మార్చాలి: "ఈ పేరుతో ఏదీ దొరకలేదు. జిల్లా పేరు తీసేసి ఇంకొక్కసారి అడుగు. అప్పుడూ రాకపోతే మండలం ఏదో యూజర్‌ని అడుగు. అక్షాంశ రేఖాంశాలు సొంతంగా రాయకు." ఏజెంట్లకు టూల్స్ అందించే ప్రామాణిక పద్ధతైన ఎంసీపీలో సర్వర్‌గా కడితే ఈ సందేశానికి ఈజ్‌ఎర్రర్ గుర్తు (కాల్ విఫలమైందని చెప్పేది) పెట్టకపోవడమే మేలు. ఆ గుర్తును నెట్‌వర్క్ వైఫల్యానికీ, అభ్యర్థనలు మితిమీరాయని చెప్పే 429 కోడ్‌కీ దాచుకోవాలి. లేకపోతే ఏజెంటు రెంటినీ ఒకేలా చూసి, లేని ఊరినే మళ్లీ మళ్లీ అడుగుతుంది. రివర్స్‌లోనూ, అంటే అక్షాంశ రేఖాంశాలిచ్చి చిరునామా అడిగినప్పుడూ, ఇదే సమస్య. నడిసముద్రంలో చుక్క ఇస్తే 200తోనే జవాబు వస్తుంది, లోపల మాత్రం ఎర్రర్ అనే ఫీల్డ్ ఉంటుంది. దాన్నీ విడిగా పట్టుకోవాలి.

జిల్లా తీసెయ్యమనడం మన రాష్ట్రాల కోసమే. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. జనం చేతిలోని కాగితాల్లో ఇంకా "సిద్దిపేట, మెదక్ జిల్లా", "హిందూపురం, అనంతపురం జిల్లా" అనే ఉంటుంది. నోమినాటిమ్ మనం ఇచ్చిన మాటలన్నీ కుదరాలని చూస్తుంది, ఒక్కటి కుదరకపోయినా ఫలితం రాకపోవచ్చు. అక్షరదోషాలనూ సరిదిద్దదు. కొత్తపల్లిని ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి వేరే స్పెల్లింగ్‌తో ఒకసారి, తెలుగు లిపిలో ఒకసారి ప్రయత్నించమని వివరణలో ఉండాలి. తెలుగు లిపి నమ్మకంగా పనిచేయాలంటే మ్యాప్‌లో ఆ ఊరికి తెలుగు పేరు ట్యాగ్ ఉండాలి. లేనిచోట ఎవరైనా చేర్చవచ్చు. మన ఊళ్లకు ఆ పని చేసేవాళ్లు ఇంకా చాలామంది కావాలి.

అభ్యర్థనతో పంపే పారామీటర్లన్నీ ఏజెంటుకు అప్పగించనక్కర్లేదు. వెతికే మాట, భాష చాలు. మిగతావి కోడ్‌లోనే స్థిరంగా పెట్టాలి: కంట్రీకోడ్స్ భారత్‌కే, అడ్రస్‌డీటెయిల్స్ 1 (చిరునామా భాగాలు విడివిడిగా రావడానికి), లిమిట్ 5 (గరిష్ఠంగా అయిదు ఫలితాలు). లిమిట్ 1 పెట్టడం తరచు కనిపించే పొరపాటు. రామాపురాలు ఎన్నో ఉన్నాయి, ఒక్కటే తెప్పిస్తే మిగతావి ఉన్నాయన్న సంగతే ఏజెంటుకు తెలియదు. అయిదు వస్తే ఏ జిల్లాలోదో అడగాలన్న ఆలోచన దానికే వస్తుంది. జవాబులో ఇంపార్టెన్స్ అనే అంకెను తీసేయండి. ఆ చోటుకు ఎంత ప్రాముఖ్యం ఉందో అది చెబుతుంది, జవాబు ఎంత సరైనదో చెప్పదు. మోడల్ మాత్రం దాన్ని నమ్మకపు శాతంగా చదువుతుంది.

జవాబు ఏ ఫార్మాట్‌లో కావాలో ఎప్పుడూ రాసే అడగాలి. ఏమీ చెప్పకపోతే సెర్చ్ జేసన్ ఇస్తుంది, రివర్స్ ఎక్స్‌ఎంఎల్ ఇస్తుంది. ఏ ప్రాంతంలో వెతకాలో చెప్పే వ్యూబాక్స్‌లో రేఖాంశం ముందు, జవాబులో ఆ చోటు హద్దులు చెప్పే బౌండింగ్‌బాక్స్‌లో అక్షాంశం ముందు. ఈ తేడా దగ్గర మోడల్ తడబడుతుంది, కాబట్టి వ్యూబాక్స్‌ని దానికి చూపించకండి. అక్షాంశ రేఖాంశాలు స్ట్రింగులుగా వస్తాయి, సంఖ్యలుగా మార్చి అయిదు దశాంశ స్థానాలకు కుదిస్తే సరిపోతుంది, అదే దాదాపు ఒక మీటరు. రెండూ తారుమారైతే మన దగ్గర పట్టుకోవడం తేలిక: రెండు తెలుగు రాష్ట్రాలూ 12 నుంచి 20 అక్షాంశాల మధ్య, 76 నుంచి 85 రేఖాంశాల మధ్య ఉన్నాయి. ఆ హద్దులు దాటితే కోడే ఆపాలి.

పబ్లిక్ సర్వర్ పరిమితి సెకనుకు ఒక్క అభ్యర్థన. ఏజెంట్లు ఒకేసారి అయిదారు కాల్స్ పంపుతాయి. "నెమ్మదిగా అడుగు" అని వివరణలో రాస్తే లాభం లేదు, కాల్స్‌ని వరసలో నిలిపే క్యూ కోడ్‌లో ఉండాలి, వచ్చిన జవాబులు దాచే క్యాష్ కూడా. అడుగుతున్నది ఎవరో సర్వర్‌కి చెప్పే యూజర్ ఏజెంట్ హెడర్‌లో మన అప్లికేషన్ పేరు స్పష్టంగా ఉండాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి ఇవ్వాల్సిన గుర్తింపును ఏజెంటు రాసే జవాబుకే వదిలేస్తే అది మరచిపోతుంది, స్క్రీన్ మీద విడిగా చూపాలి. టైపు చేస్తుండగానే సూచనలు చూపడం, పిన్‌కోడ్లన్నీ వరసగా లాగడం నిషిద్ధం. అంత పని ఉంటే జియోఫాబ్రిక్ అనే సంస్థ ఇచ్చే దక్షిణ భారత మ్యాప్ ఫైలుతో సొంత సర్వర్ పెట్టుకోవచ్చు.

పరీక్షకు 60 ప్రశ్నలు సరిపోతాయి. 20 మామూలువి, 15 ఒకే పేరున్న ఊళ్లు, 10 పాత జిల్లాలతో రాసిన చిరునామాలు, 5 తెలుగు లిపిలో, 5 అసలు లేని ఊళ్లు, 5 టూల్ పిలవనక్కర్లేనివి. చివరి రెండు గుంపులే అన్నిటికంటే విలువైనవి, చాలామంది వదిలేసేవీ అవే. లేని ఊరికి "దొరకలేదు" అనడమే సరైన జవాబు. దగ్గరి ఊరు చూపిస్తే అది తప్పే. ఒక్కో ప్రశ్నను అయిదుసార్లు నడిపి, అయిదుసార్లూ సరిగా వస్తేనే పాస్ అనాలి. పేర్లను అక్షరాలతో పోల్చకుండా దూరంతో పోల్చండి: ఊరికి 2 కిలోమీటర్లు, భవనానికి 200 మీటర్లు. చివరి జవాబుతో పాటు ఏ మాటతో వెతికిందో, ఎన్నిసార్లు పిలిచిందో కూడా నమోదు చేయాలి, తప్పు వివరణలో ఉందో కోడ్‌లో ఉందో అక్కడే బయటపడుతుంది. ఒక్క విడతకే 300 సంభాషణలు అవుతాయి. వాటిని పబ్లిక్ సర్వర్ మీద పదేపదే నడపకూడదు. మొదటి విడత జవాబులు ఫైల్లో దాచి, వివరణలో వాక్యం మార్చిన ప్రతిసారీ వాటితోనే పరీక్షించండి. కొత్త మాటతో వెతికినప్పుడు మాత్రమే అసలు సర్వర్‌కి వెళ్లనివ్వండి.