కినెక్ట్ ముందు కూచిపూడి టీచరు

కినెక్ట్‌కు మోచేయి కనిపిస్తుంది, వేలు కనిపించదు. ఏళ్ల తరబడి పిల్లలకు కూచిపూడి నేర్పుతున్నదాన్ని కాబట్టి, 2010 చివర్లో బంజారాహిల్స్‌లో ఒక మాల్‌లోని దుకాణంలో ఆ వీడియోగేము యంత్రం ముందు నిలబడగానే నాకు ముందుగా తట్టిన సంగతి ఇదే. గేముల గురించి రాసేవాళ్లు బొమ్మల నాణ్యత, కథ, వేగం అంటూ ఏవేవో తూకం వేస్తారు. ఆ తూకాలు నాకు తెలియవు. ఎదురుగా ఉన్న మనిషి ఒంటిని ఇది ఎంతవరకు చూడగలదు, చూసినదాన్ని తాళానికి అందుకోగలదా అన్నది మాత్రం చెప్పగలను.

కినెక్ట్ అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ 360 అనే వీడియోగేముల పెట్టెకు తగిలించుకునే నల్లటి పొడవాటి పట్టీ. టీవీకి కిందో పైనో పెడతారు. చేతిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఒళ్లు కదిలితే ఆట కదులుతుంది. అప్పట్లో విడిగా కొంటే 9,990 రూపాయలు, కినెక్ట్ అడ్వెంచర్స్ అనే ఆటల డిస్కు దానితోపాటే వచ్చేది. ఎక్స్‌బాక్స్ కూడా కావాలంటే 4 జీబీ మోడల్‌తో కలిపి 22,990 అయ్యేది. అమెరికాలో 2010 నవంబరు 4న అమ్మకాలు మొదలుపెట్టి, 25 రోజుల్లో ప్రపంచం మొత్తం మీద 25 లక్షలు అమ్మామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ లెక్కలన్నీ కంఠతా పట్టిన మా మేనల్లుడు "అత్తా, నువ్వు ఒక్కసారి దాని ముందు నిలబడితే చాలు, కొనమని నాన్నకు నువ్వే చెబుతావు" అంటూ నన్ను తీసుకెళ్లాడు. నా శిష్యురాలు ఒక అమ్మాయి కూడా వెంట వచ్చింది.

ఆ పట్టీ మనిషిని చూసే పద్ధతి ముచ్చటగా ఉంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని వేల చుక్కలుగా గది అంతా చల్లుతుంది. దగ్గరున్న వస్తువు మీద ఆ చుక్కలు ఒక రకంగా పడతాయి, దూరంగా ఉన్నదాని మీద ఇంకో రకంగా పడతాయి. పక్కనున్న కెమెరా ఆ తేడాను సెకనుకు 30 సార్లు చూసి, ఏది ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. ఈ కిటుకు ప్రైమ్‌సెన్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీది. అలా దొరికిన ఆకారంలో తల ఎక్కడ, భుజం ఎక్కడ, మోకాలు ఎక్కడ అని పోల్చుకునే పని మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌ది. మనిషికి 20 కీళ్లు గుర్తిస్తుంది. లైట్లు ఆర్పేసినా చూపు తగ్గదు. కరెంటు పోయిన సాయంత్రాలు కేవలం అడుగుల చప్పుడు విని పిల్లల తప్పులు పట్టుకునే నాకు, ఆ ఒక్క విషయంలో దాని మీద కాస్త అసూయ కలిగింది.

నేను నేత చీరలో వెళ్లాను. తెర మూలన మన ఒంటి నీడ కనిపిస్తుంటుంది. అందులో నా పైభాగం చక్కగా ఉంది, నడుము కింద అంతా ఒకే గుడారం. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండిలో కూర్చున్నాను. నా మోకాళ్లు రెండు పక్కలకీ తెరుచుకున్నా తెర మీది బొమ్మ కాళ్లు వణికాయే గాని విడలేదు. వదులు బట్టలు వేసుకుంటే సరిగా గుర్తించలేకపోవచ్చని కంపెనీ తన సూచనల్లో ముందే చెప్పింది. ఆ మాట రాసినవాళ్ల మనసులో ఆరు గజాల చీర ఉండి ఉంటుందని నేను అనుకోను. కుచ్చిళ్లు ఎత్తి నడుమున దోపుకున్నాక కొంత నయమైంది. దుకాణంలో పనిచేసే కుర్రవాడు ముఖం పక్కకు తిప్పుకుని మర్యాద పాటించాడు, పాపం. అదే మా శిష్యురాలు చుడీదార్‌లో వచ్చి నిలబడగానే కాళ్లూ చేతులూ ఎక్కడివక్కడ పడ్డాయి. కాబట్టి అమ్మలు, అమ్మమ్మలు కూడా ఆడతారని ఆశపడి కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కుర్చీలో కూర్చుని ఆడదామనుకునే పెద్దవాళ్లకు కూడా ఇది పనికిరాదు. ఇది నిలబడ్డ మనిషి కోసం చేసిన యంత్రం. ఆ విషయంలో 2006లో నింటెండో కంపెనీ తెచ్చిన, చేతిలో రిమోటు పట్టుకుని ఆడే వీ అనే గేము యంత్రం నయం. మణికట్టు విసిరితే చాలు, బౌలింగ్ బంతి దొర్లుతుంది. అందుకే అమెరికాలో వృద్ధాశ్రమాల్లో కూడా దాన్ని పెట్టారు.

కినెక్ట్ అడ్వెంచర్స్ పిల్లల ఆటల మూట. తెప్ప మీద నిలబడి అటూ ఇటూ జరుగుతూ, ఎగురుతూ నదిలో పోవడం ఒకటి. నీళ్లలో గాజు పెట్టెలో ఉండి, చిల్లులు పడ్డచోటల్లా చేయో కాలో తలో అడ్డం పెట్టడం ఇంకొకటి. ఈ రెండోది నాకు నచ్చింది. రెండు చేతులు రెండు మూలలకూ చాచి, ఒక కాలు పక్కకు పెట్టి నిలవాలంటే నిజంగానే సమతూకం కావాలి. మధ్యమధ్యలో అది మనకు తెలియకుండా ఫొటోలు తీసి చివర్లో చూపిస్తుంది. అక్కడ చేరిన జనానికి ఆట కంటే ఆ ఫొటోలే ఎక్కువ వినోదం. మా మేనల్లుడు ఎగిరి గాలిలో ఉండగా నోరు తెరిచిన ఫొటో చూసి, తెలియనివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

ఒక లోపం మాత్రం నా కంటికి వెంటనే తగిలింది. నేను చేయి ఎత్తాక బొమ్మ చేయి ఎత్తుతుంది, నాతోపాటు ఎత్తదు. మధ్యలో చిన్న ఎడం. తెప్ప నడుపుతున్నప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. తాళం కర్ర పట్టుకుని బతికేవాళ్లకు మాత్రం పంటి కింద రాయిలా తగులుతుంది.

ఆ భయంతోనే డాన్స్ సెంట్రల్ అనే నాట్యం ఆట పెట్టమన్నాను. చేసింది హార్మొనిక్స్ అనే అమెరికా కంపెనీ. డాన్సు వాళ్ల దేశపుదే, పాటలూ ఎక్కువగా అక్కడివే. అయితే నేర్పడం తెలిసినవాళ్లు చేసిన ఆట అని మొదటి పాటలోనే అర్థమైంది. తెర మీద పెద్దగా కనిపించేది మన బొమ్మ కాదు, డాన్సు చేసి చూపించే మనిషి. మనం అద్దంలో చూసినట్లు ఆ మనిషిని అనుసరించాలి. మన నీడ మూలన చిన్నదిగా ఉంటుంది కాబట్టి ఆ ఎడం కంట్లో పడదు. రాబోయే కదలిక ఏమిటో పక్కనే బొమ్మ కార్డుల్లో చూపిస్తుంది. మన చేయి తప్పితే డాన్సు చేసే మనిషి చేయి చుట్టూ ఎర్రగా వెలుగుతుంది, కాలు తప్పితే కాలు చుట్టూ. "తప్పు" అని అరవకుండా ఎక్కడ తప్పిందో చూపించడం ఎంత కష్టమో ఏ టీచరును అడిగినా చెబుతారు. ఒక్కొక్క కదలికనూ విడదీసి, నెమ్మదిగా, వచ్చేదాకా చూపించే పద్ధతి కూడా ఇందులో ఉంది. దానికి విసుగు రాదు. నాకు వస్తుంది.

ఇక వేళ్ల సంగతి. మా హస్తముద్రల్లో పతాకం పట్టినా, ముష్టి పట్టినా, కర్తరీముఖం పట్టినా దానికి ఒకటే. మణికట్టు చివర ఒక ముద్ద, అంతే. మెనూలో ఒక బొత్తాన్ని ఎంచుకోవడానికి గాలిలో దాని మీద చేయి ఆపి, చుట్టూ వలయం నిండేదాకా ఎదురుచూడాల్సి రావడానికి కారణం కూడా ఇదేనని నా ఊహ. పిడికిలి మూసింది లేనిది తెలిసే యంత్రమైతే ఆ నిరీక్షణ ఎందుకు? కళ్లు, కనుబొమలు, మెడ కదలిక సంగతి ఇక అడగనే అక్కర్లేదు. మా శిష్యురాలు ఉత్సాహంగా "టీచర్, మన డాన్సు కూడా ఇందులో పెడితే బాగుంటుంది కదా" అంది. అడుగుల వరకైతే పెట్టవచ్చు. ఆ తర్వాత భామాకలాపంలో సత్యభామ జడ పట్టుకుని నిలబడితే, చేయి ఎక్కడ ఉందో దానికి తెలుస్తుంది. జడ పట్టుకుందని తెలియదు.

ధర విషయానికి వస్తే, ఆ పట్టీ ఒక్కటే ఆ రోజుల్లో నా దగ్గర ఒక పిల్ల రెండేళ్లు నేర్చుకునే ఫీజు. ఎక్స్‌బాక్స్ అప్పటికే ఉన్న ఇంట్లో అయితే, నాకు డబ్బు దండగ అనిపించలేదు. పాత ఎక్స్‌బాక్సులకు దీన్ని తగిలిస్తే విడిగా ఇంకో కరెంటు ప్లగ్గు కావాలి, అప్పటి కొత్త సన్నటి మోడల్‌కు అక్కర్లేదు. ఏమీ లేని ఇంట్లో కేవలం దీనికోసం 22,990 పెట్టడానికి తొందరపడవద్దని అప్పుడు నా సలహా. అప్పటికి ఆటలు ఇంకా కొన్నే ఉన్నాయి.

అసలు చిక్కు స్థలంతో. ఒక్కరు ఆడాలంటే పట్టీకి కనీసం ఆరడుగుల దూరం ఉండాలి, ఇద్దరికి ఎనిమిది. దుకాణంలో నేల మీద టేపు అంటించి, చుట్టూ ఏమీ లేకుండా ఖాళీ చేసి పెట్టారు కాబట్టి అక్కడ అంతా సాఫీగా నడిచింది. మన ఫ్లాట్లలో టీవీకి సోఫాకు మధ్యన ఒక టీపాయి, దాని మీద పేపర్లు, పక్కన దివాన్ ఉంటాయి. బాల్కనీ తలుపులోంచి నేరుగా ఎండ పడినా దానికి ఇబ్బందే, ఎండలోనూ పరారుణం ఉంటుంది కదా. పైగా ఈ ఆటల్లో సగం ఎగరడమే. అపార్టుమెంటులో కింద ఉండేవాళ్లు ఏమంటారో నన్ను అడగండి, రోజూ వింటున్నాను.

కొనాలనుకునేవాళ్లకు అప్పుడు నేను చెప్పింది ఇదే: ముందు ఇంట్లో సామాను జరిపి ఎనిమిదడుగులు కొలుచుకోండి, దుకాణానికి చుడీదార్‌లోనో ప్యాంటులోనో వెళ్లి కనీసం రెండు ఆటలు ఆడి చూడండి. అందులో ఒకటి నాట్యం ఆట అయి ఉండాలి. మా ఇంట్లో ఎనిమిదడుగులు రావాలంటే మృదంగం, పిల్లల చెప్పుల స్టాండు రెండూ మెట్ల మీద పెట్టాలి. మేనల్లుడి తరఫున వాళ్ల నాన్నకు సిఫారసు చేస్తానని మాత్రం మాట ఇచ్చాను. వాళ్లది గ్రౌండ్ ఫ్లోరు.