జనం ఉన్నచోట ఏటీఎం, బ్రాంచి ఉన్నచోట డబ్బు

తిరుపతి రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక లాడ్జిలో రిసెప్షన్ చూస్తుంటాను. తాళం చేతికివ్వగానే యాత్రికులు అడిగే మొదటి మాట కొండకు బస్సు ఎక్కడ ఎక్కాలని. రెండోది, దగ్గర్లో ఏటీఎం ఉందా అని. బస్సు సంగతి కళ్లు మూసుకుని చెప్పేస్తాను. ఏటీఎం సంగతికి మాత్రం ‘ఉంది సామీ, డబ్బులుంటే’ అంటాను. నా జీతం తీసుకునేదీ ఆ మిషన్లలోనే, పంపినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చి విసుక్కునేదీ నా మీదే. అందుకే ఊళ్లో ఏ మిషన్ ఎప్పుడు పనికొస్తుందో చాలా ఏళ్లుగా గమనిస్తూ వస్తున్నాను.

అడిగేవాళ్లంతా దగ్గర ఏది అని అడుగుతారు. అడగాల్సింది డబ్బు ఎవరు నింపుతారని. స్టేషన్ ఎదురుగా, ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల, గాంధీ రోడ్డులో చిన్న అద్దె గదుల్లో ఒంటరిగా నిలబడి ఉండే మిషన్లకు ఏజెన్సీల వ్యాన్లు వచ్చి నింపిపోతాయి. కేంద్ర హోంశాఖ నిబంధన ప్రకారం 2019 ఫిబ్రవరి నుంచి పట్టణాల్లో రాత్రి 9 దాటితే ఏటీఎంలో డబ్బు పెట్టకూడదు. దోపిడీల భయంతో పెట్టిన రూలు, కాదనను. కానీ మన ఊరికి జనం దిగేదే రాత్రి. శనివారం సాయంత్రం ఖాళీ అయిన మిషన్‌కు మళ్లీ ప్రాణం వచ్చేది ఆదివారం ఏ టైముకో. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి ఇంక చెప్పక్కర్లేదు.

బ్యాంకు బ్రాంచికి ఆనుకుని ఉన్న మిషన్ల కథ వేరు. చాలాచోట్ల బ్రాంచి వాళ్లే నింపుకుంటారు. పొద్దున తలుపులు తీసిన కాసేపటికి ఆ పని అయిపోతుంది. మిషన్ కార్డు మింగేసినా, స్క్రీన్ బిగుసుకుపోయినా లోపలికి వెళ్లి అడగడానికి ఒక మనిషి ఉంటాడు. బాలాజీ కాలనీ, ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు బ్రాంచిల దగ్గరకు ఆటోలో పోయినా సరే, స్టేషన్ ముందు నాలుగు గదులు తిరగడం కంటే నయమని మా గెస్టులకు చెప్తుంటాను. కొందరు ఇతనికేదో ఆటోవాళ్లతో కమీషన్ ఉందన్నట్టు చూస్తారు. రెండో శనివారం, నాలుగో శనివారం, ఆ పక్కన ఆదివారం, దానికి తోడు సోమవారం పండగ వస్తే మాత్రం బ్రాంచి మిషన్ మీద కూడా నాకు నమ్మకం లేదు.

అలాంటప్పుడు నేను వెతికేది డబ్బు వేసే, తీసే రెండు పనులూ చేసే మిషన్, అదే రీసైక్లర్. ఒకరు జమచేసిన నోట్లనే అది తర్వాతి మనిషికి ఇస్తుంది. మన ఊళ్లో పూలకొట్టు వాళ్లు, హోటళ్ల వాళ్లు, గాంధీ రోడ్డు దుకాణాల వాళ్లు సాయంత్రం గల్లా లెక్కేసుకుని అందులో వేసి వెళ్తారు. వ్యాన్ రాకపోయినా అది నిండుతూనే ఉంటుంది. చిక్కల్లా లైను. ముందున్నాయన సంచిలోంచి కట్ట తీసి పెడతాడు, మిషన్ కొన్ని నోట్లు వెనక్కి తోసేస్తుంది, ఆయన వాటిని తొడ మీద పెట్టి ముడతలు సాపు చేసి మళ్లీ పెడతాడు, అది మళ్లీ తోస్తుంది. వెనక నిలబడ్డవాళ్లకు ఓపిక ఉండాలి. అయినా పండగ సెలవుల్లో ఊరి మొత్తం మీద నేను నమ్మేది వీటినే.

అన్నిటికీ ఫోన్ పే ఉండగా ఇంకా నోట్లెందుకని మా మేనల్లుడు ఎగతాళి చేస్తుంటాడు. వాడెప్పుడూ దర్శనానికి వచ్చినవాళ్ల అవసరం చూడలేదు. కొండ మీద దర్శనం లైన్లోకి ఫోన్ పట్టుకుపోనివ్వరు. బయట కౌంటర్లో అప్పగించాలి, లేదా రూములో వదిలేసి వెళ్లాలి. హుండీలో వేసే ముడుపు చేతిలో ఉండాల్సిందే. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. స్టేట్ బ్యాంకు కార్డుతో ఆ బ్యాంకు మిషన్‌లోనే పదివేలు, ఆ పైన తీయాలంటే ఫోనుకు ఓటీపీ వస్తుంది. 2020 సెప్టెంబరు నుంచి పగలూ రాత్రీ ఇదే పద్ధతి. ఫోన్ రూములో, కార్డు జేబులో పెట్టుకుని బయల్దేరిన పెద్దాయనకు ఈ సంగతి మిషన్ ముందు నిలబడ్డాకే తెలుస్తుంది. పదివేలకు లోపు కొట్టండి సామీ, ఓటీపీ అడగదు అని ముందే చెప్పి పంపుతాను.

ఇక చిల్లర గోల. వెయ్యి నూట పదహార్లు వేస్తామని మొక్కుకున్న మనిషికి మిషన్ ఐదువందల నోట్లే ఇస్తే ఏం చేస్తాడు? మా కౌంటర్ దగ్గరికే వస్తాడు. కొన్నాళ్లు నా గల్లాలో వంద నోటు నిలిచేది కాదు. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. ఆ సెప్టెంబరు ఆఖరుకు నూటికి 75 ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్ నుంచి, అంటే మిషన్ లోపల నోట్లు పేర్చే ఒక పెట్టె నుంచి, వందలో రెండు వందలో రావాలి, 2026 మార్చి ఆఖరుకు నూటికి 90 అలా ఉండాలి. తేడా కనిపించిందనే చెప్పాలి, ముఖ్యంగా బ్రాంచి మిషన్లలో. పద్దెనిమిది వందలో, పంతొమ్మిది వందలో కొడితే ఇప్పుడు చాలాసార్లు వందలు కలిపి ఇస్తోంది.

మిషన్ ఖాళీగా ఉంటే బ్యాంకుకు జరిమానా కూడా ఉంది. నెలలో మొత్తం 10 గంటలు దాటి నోట్లు లేకుండా ఉంచితే ఆ ఏటీఎంకు పదివేలు కట్టాలి. 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అయితే ఆ లెక్క నోట్లు అయిపోయినందుకే. స్లిప్పు రాకపోవడం, నెట్‌వర్క్ లేకపోవడం, అరిగిపోయిన కీప్యాడ్ మీద ‘5’ నాలుగుసార్లు నొక్కితే గానీ పడకపోవడం అందులోకి రావు. మనుషులకు ఎక్కువ విసుగు తెప్పించేవి మాత్రం ఇవే. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆపేసిన అద్దాల గదిలో ఆ కీప్యాడ్‌తో కుస్తీ పడ్డవాళ్లకు తెలుస్తుంది. గది ముందు రెండు మెట్లుండి, పట్టుకోవడానికి కమ్మీ లేకపోతే మా అమ్మలాంటి వాళ్లు అసలు లోపలికే పోలేరు.

ఒకసారి నాకే పెద్ద టెన్షన్ పట్టుకుంది. రాత్రిపూట వేరే బ్యాంకు మిషన్. లోపల నోట్లు లెక్కబెడుతున్న చప్పుడు స్పష్టంగా వినపడింది. చప్పుడు ఆగింది, షట్టర్ తెరుచుకోలేదు. జేబులో ఫోన్ మోగింది, డబ్బు తీసినట్టు మెసేజ్. వెనకాయన ‘అయిందా అన్నా?’ అంటున్నాడు. మర్నాడు నా బ్యాంకుకు వెళ్తే మిషన్ ఎవరిదో వాళ్లనే అడగమన్నారు. అది తప్పు. ఏ మిషన్‌లో ఇరుక్కున్నా ఫిర్యాదు తీసుకోవాల్సింది కార్డు ఇచ్చిన బ్యాంకే. 2019 అక్టోబరు 15 నుంచి ఉన్న రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం లావాదేవీ జరిగిన రోజు పోను 5 రోజుల్లో డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున, మనం అడక్కుండానే, ఖాతాలో వేయాలి. నాకు డబ్బు గడువు దాటాక వచ్చింది, రోజుకు వంద మాత్రం రాలేదు. మిషన్ మీద ఉండే ఏటీఎం నంబరు, తేదీ, టైము వేసి మెయిల్ పెడితే అప్పుడు కదిలింది, అదీ పడింది. ముప్పై రోజులైనా జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫోన్ నంబరు 14448.

పైఊరి వాళ్లకు ఇలా జరిగితే ఇంకా కష్టం, రైలుకు టైమవుతుంటుంది. ముందు స్క్రీన్‌ను, దాని పైన ఉన్న నంబరును ఫోటో తీసుకోండి, మిగతాది ఇంటికెళ్లి చేసుకోవచ్చు అని చెప్తాను. ఇతర బ్యాంకుల మిషన్లలో నెలకు ఉచితం మెట్రో నగరాల్లో 3 సార్లు, తిరుపతిలాంటి ఊళ్లలో 5 సార్లు. దాటితే 2025 మే నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పన్ను అదనం. బ్యాలెన్స్ చూసుకున్నా ఆ ఐదులో ఒకటి పోతుంది, కాబట్టి ఖాతాలో డబ్బుందో లేదో మిషన్‌ను అడక్కండి, ఫోన్లోనే చూసుకుని బయల్దేరండి.